క్రొత్త హెడ్‌ఫోను, మరిగిన చెవి

వర్షాకాలమున ధవళేశ్వరమునకు చుట్టపుచూపుగా వచ్చినవారు గోదావరి గట్టునకు చేరువనున్న ఇంట బస చేసినచో, మొదటి రాత్రి సుఖముగా నిద్రింపజాలరు. నిండుగా పారు నది ఆనకట్టను దాటి దిగువకు దూకునప్పటి హోరు తెరపి లేక చెవిని పడుచుండును. తెల్లవారిన పిమ్మట ఆ సంగతి ఇంటివారితో చెప్పినచో, "ఏ చప్పుడండీ?" అని వారే ఎదురు ప్రశ్న వేయుదురు. నాలుగైదు దినములు గడచునప్పటికి అతిథికి కూడ ఆ హోరు వినబడుట మానును. నది మారలేదు, కట్టడము మారలేదు, మారినది వినువాని చెవి.

ఈ చిన్న విషయమును ముందుగా చెప్పుటకు కారణమున్నది. నేడు మన ఇండ్లలో సంగీతమునందు ఆసక్తిగల యువకులు వేలకొలది రూపాయలు, ఒక్కొక్కప్పుడు లక్షకు పైగా వెచ్చించి హెడ్‌ఫోనులు కొనుచున్నారు. అట్టివి కొన్నవారికి అనుభవజ్ఞులు తరచుగా ఒక సలహా చెప్పుదురు: "మొదటి దినమున విని తీర్పు చెప్పవద్దు. క్రొత్తలో ధ్వని బిరుసుగా నుండును; తారస్థాయి చెవిని గుచ్చును. నూరు గంటలో, రెండు వందల గంటలో మ్రోగనిండు. అప్పుడు అది మెత్తబడి తన అసలు గుణమును చూపును." కొందరు దానిని పెట్టెలో నుంచి రాత్రింబవళ్ళు జోరున కురియు వానవంటి చప్పుడును దానిచేత పలికింతురు. ఇట్లు క్రొత్త వస్తువును వాడుకకు తెచ్చుటకు తెలుగున చక్కని మాట ఒకటి కలదు: మరగుట. రుచి మరగుట, చోటు మరగుట అని మనము అనుచునే యుందుము. అయితే ఇచ్చట మరగునది యంత్రమా, చెవియా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకవలెనన్న హెడ్‌ఫోను చరిత్రను, దానితోపాటు మన వినికిడి చరిత్రను కొంత తిరుగవేయక తప్పదు.

క్రొత్త వస్తువు వాడగా వాడగా మంచిదగునను నమ్మకము మనకు హెడ్‌ఫోనులతో వచ్చినది కాదు. క్రొత్త చెప్పు కరచును. పదిదినములు నడచిన పిమ్మట తోలు మెత్తబడును, పాదమును గట్టిపడును. క్రొత్త ఇనుప పెనముమీద మొదటి అట్టు అంటుకొనును. నూనె పట్టగా పట్టగా పదునెక్కును. క్రొత్త కుండను నీళ్ళు పోసి నానబెట్టక పొయ్యిమీద నెక్కించు ఇల్లాలు లేదు. క్రొత్త కోడెను ఒక్కనాటిలో కాడికి కట్టి దున్నించు రైతును లేడు. వాద్యముల విషయమునను ఇట్టి మాటయే కలదు. ఒకే పనసమ్రానునుండి తొలిచిన బొబ్బిలి వీణ గాని, క్రొత్త చర్మము మూసిన మృదంగము గాని, వాయించగా వాయించగా పలుకు తేరునని విద్వాంసులు చెప్పుదురు. కొయ్యయు చర్మమును గాలిలోని తేమను పీల్చునవి, బిగింపునకు సాగునవి. కావున అచ్చట ఆ మాటకు ఆధారము లేకపోలేదు. హెడ్‌ఫోనునకు కూడ అదే న్యాయము చెల్లునని అనుకొనుట సహజము. అయినను, సహజమైన ఊహయెల్ల సత్యము కానక్కరలేదు.

హెడ్‌ఫోను పుట్టుక టెలిఫోనుతో ముడిపడియున్నది. 1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందెను. అయిదేండ్లు గడచి 1881లో పారిస్ నగరమున విద్యుత్ ప్రదర్శనము జరిగినప్పుడు క్లెమాఁ అదేర్ అను ఫ్రెంచి యంత్రజ్ఞుడు ఒపెరా నాటకశాల వేదికపై మైక్రోఫోనులను అమర్చి, దూరమున నున్న ప్రదర్శనశాలకు తీగలు నడిపించెను. అచ్చటి శ్రోతలు రెండు చెవులకు రెండు గొట్టములు ఆనించుకొని పాట వినిరి. గాయకుడు వేదికమీద ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు నడచినప్పుడు ఆ నడక వారి చెవులకు తెలిసినది. నేడు స్టీరియో అని మనము పిలుచు అనుభవమును లోకము మొదట రుచి చూచినది ఆ శాలలోనే.

తలకు తగిలించుకొను నేటి రూపమునకు దగ్గరైన హెడ్‌ఫోనును 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రమున నెథానియల్ బాల్డ్విన్ అను నాతడు తన వంటగదిలో చేతితో తయారుచేసి ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. ఆనాటి శ్రవణయంత్రముల కట్టుబడి సరళము. లోపల అయస్కాంతము, దానిచుట్టు సన్నని తీగ, ఎదుట పలుచని రేకు. తీగలో విద్యుత్ప్రవాహము హెచ్చుతగ్గులగుకొలది రేకు కంపించి పలుకును. అవి సంగీతమునకై పుట్టినవి కావు. సముద్రముమీద నావికులు దూరపు తంతి సంకేతముల చిరుధ్వనిని పట్టుటకు పుట్టినవి. వానిని వినువారికి ముందుగా శిక్షణ కావలసివచ్చినది. క్రొత్తవానికి ఉత్త గరగరగా తోచుదానిలో అనుభవజ్ఞుడగు ఆపరేటరు మాటలను చదువుకొనెడివాడు. యంత్రమొక్కటే, చెవులు మాత్రము వేరు.

మన దక్షిణదేశమున రేడియో ఉదయించినదియు హెడ్‌ఫోనుతోనే. 1924 మే నెలలో సి. వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు స్థాపితమై, అదే సంవత్సరము జూలై 31వ తేదీన ప్రసారములు ప్రారంభించినది. ధనాభావముచేత 1927లో క్లబ్బు మూతబడినను, దాని ప్రసారయంత్రము మద్రాసు కార్పొరేషనుకు చేరి 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి మరల పలికినది. తెలుగు, తమిళ కుటుంబములు కలసి నివసించు ఆ నగరమున వినువారికి చవుకగా లభించిన సాధనము స్ఫటికపు సెట్టు. దానికి బ్యాటరీ గాని కరెంటు గాని అక్కరలేదు. గాలిలో వచ్చు తరంగపు శక్తియే దానికి ఆహారము. గాలెనా అను సీసపు ఖనిజమును తాకుచుండు సన్నని తీగతో, ఆ రాతిమీద పలుకు చోటును ఓపికగా వెదకవలెను. ఇట్టి స్ఫటికముతో విద్యుత్తరంగములను పట్టు సాధనమునకు 1904లోనే అమెరికా పేటెంటు పొందిన శాస్త్రజ్ఞుడు మన జగదీశచంద్ర బోసుగారే యనుట మనకు గర్వకారణము. అట్టి సెట్టులో వచ్చు ధ్వని అతి సన్నము. హెడ్‌ఫోను లేనిదే వినబడదు. ఇల్లంతయు ఊపిరి బిగపట్టిన గాని పాట చిక్కదు. పలుదేశములలో ఇంటివారు శ్రవణయంత్రమును ఒక గిన్నెలో నుంచి, గిన్నె చుట్టును తలలు వంచి, ఆ లోహపు మ్రోతలో అందరును కలసి వినెడివారు.

ఆ కొద్దిపాటి శక్తి గల మద్రాసు తరంగము ఇంతదూరపు గోదావరీతీరమున స్ఫటికపు సెట్టులో పలుకుట జరుగని పని. 1938 జూన్ 16వ తేదీన ఆకాశవాణి మద్రాసు కేంద్రము, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైన పిమ్మట గదా మన డెల్టా గ్రామములకు రేడియో నిజముగా చేరువైనది. అప్పటికి కాలము మారినది. వచ్చినది చెవికి తగిలించుకొను యంత్రము కాదు. వాల్వులతో, లౌడుస్పీకరుతో కూడిన కొయ్యపెట్టె. సావడిలో బల్లమీద అది కూర్చున్నది. చుట్టును ఇల్లు కూర్చున్నది. అరుగుమీద వీధి కూర్చున్నది. పాశ్చాత్యదేశములలో పలువురు మొదట చెవిలో విని, పిమ్మట గదిలో వినుట నేర్చిరి. మనవారిలో ఎక్కువమంది మొదట గదిలో విని, తరువాతి తరములలో చెవిలో వినుట నేర్చుకొనుచున్నారు. ఈ భేదము చిన్నది కాదు. పెట్టెలోనుండి వచ్చిన పాట పెంకుటింటి వాసాలకు తగిలి, గోడలకు తగిలి, మెత్తబడి మనలను చేరెడిది. హెడ్‌ఫోనులో గాయకుడు తలలోపలనే కూర్చుండి పాడినట్లు తోచును. అతని శ్వాస, పెదవుల తడి, వయొలిన్ కమాను రాపిడి అన్నియు వినబడును. మొదటిసారి విన్నవారికి అది బిరుసుగా, మితిమీరిన సామీప్యముగా తోచుటలో వింత లేదు.

లోకమున హెడ్‌ఫోను మరల తలయెత్తిన విధమును త్వరగా చెప్పుకొందము. రేకునకు బదులుగా పలుచని పొరకు తీగచుట్టను అంటించి అయస్కాంతపు సందున కదలించు పద్ధతితో జర్మనీలోని బేయర్ సంస్థ 1937లో డీటీ 48 అను దానిని వెలువరించినది. 1958లో అమెరికాలో జాన్ కాస్ స్టీరియో సంగీతమునకై హెడ్‌ఫోనులను విక్రయింప నారంభించెను. 1960లో జపానునుండి స్టాక్స్ సంస్థవారి స్థిరవిద్యుత్ శ్రవణయంత్రము, 1968లో జర్మనీనుండి సెన్‌హైజర్ వారి తెరపి వెనుకభాగము గల హెచ్‌డీ 414 వచ్చినవి. 1979లో సోనీవారి వాక్‌మన్ వచ్చి, పాటను జేబులోనికిని వీధిలోనికిని తెచ్చినది. నేటి విలువైన హెడ్‌ఫోనులు చాలవరకు ఈ వంశమునకు చెందినవే.

ఇక మన ప్రశ్నకు వత్తము. వాడుకవలన యంత్రమున మార్పు ఏమియు కలుగదా? కొంత కలుగును. కదలు పొరకు అంచున నుండు సాగెడు భాగము మొదటి ఆటలలో కొంచెము వదులగుట కద్దు. అంతకంటె ముఖ్యమైనది చెవిమీద ఆను మెత్త. క్రొత్తలో అది బిర్రుగా నుండి తలకు సరిగా అమరదు. మెత్తకును చెంపకును నడుమ సందు మిగిలినచో మంద్రస్వరములు జారిపోవును. కొన్ని వారములు గడచి మెత్త నలిగి, తలకట్టు సాగి, సందు మూసుకొనినప్పుడు మృదంగపు తొప్పి నిండుగా వినబడును. ఇది కంటికి కనబడు, కొలతకు అందు మార్పు. కాని పొరలోని మార్పును పరికరములతో కొలిచిచూచినవారికి కానవచ్చిన భేదము మిక్కిలి స్వల్పము. హెడ్‌ఫోనును తలమీద ఒక వ్రేలి వెడల్పు జరిపినచో కలుగు భేదము అంతకంటె పెద్దది. రెండువందల గంటలు పెట్టెలో మ్రోగించిన శ్రమకు దక్కు ఫలము ఇంతే యన్నమాట.

చెవిలో కలుగు మార్పు మాత్రము అల్పము కాదు. దీనికి రెండు నిదర్శనములు చూపుదుము. మొదటిది 1915 నాటిది. ఎడిసన్ సంస్థవారు అమెరికాలో సభలు చేసి, వేదికమీద ఒక గాయనిని, ప్రక్కన తమ ఫోనోగ్రాఫును నిలిపి, ఒకప్పుడు ఆమెను ఒకప్పుడు యంత్రమును పాడించిరి. దీపములార్పి, ఎవరు పాడుచున్నారో చెప్పుడనిరి. పలువురు భేదము కనుగొనలేకపోయిరి. గాయకులు యంత్రపు కంఠమునకు తగినట్లు తమ గొంతును అణచుకొని పాడిరని తరువాత వెల్లడియైనది. ఎట్లయినను, నేటి బాలుడు ఆ పళ్ళెమును విన్నచో క్షణములో యంత్రమని చెప్పును. నూరేండ్లలో మానవుని చెవి నిర్మాణము మారలేదు. దాని అలవాటు మారినది.

రెండవది 1998 నాటిది. నెదర్లాండ్స్ దేశమున నైమేగెన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు కొందరి చెవిదొప్పల మడతలలో చిన్న అచ్చులు అమర్చి, ఆ దొప్పల ఆకారమును మార్చిరి. ధ్వని పైనుండి వచ్చుచున్నదో క్రిందినుండి వచ్చుచున్నదో మనము గుర్తించునది ఆ మడతల సహాయముననే. అచ్చు పెట్టిన వెంటనే వారికి ఎత్తుపల్లముల తెలివి పోయినది. కాని అచ్చులతోనే దినచర్య నడపగా, ఆరు వారములకు లోపుగా ఆ తెలివి తిరిగి వచ్చినది. అంతకంటె ఆశ్చర్యకరమైనది మరియొకటి: అచ్చులను తీసివేసిన తోడనే పాత చెవులతో కూడ వారు మునుపటివలెనే సరిగా గుర్తించిరి. క్రొత్తది నేర్చిన మనస్సు పాతదానిని మరువలేదు. రెండు భాషలు వచ్చినవానివలె రెండు చెవులను నిలుపుకొన్నది. క్రొత్త హెడ్‌ఫోనును తలకెత్తుకొను ప్రతివాడును తెలియకయే ఈ పాఠమును చదువుచున్నాడు. పదునైదు దినముల పిమ్మట "మెత్తబడినది" అని అతడు మెచ్చుకొనునది, ముఖ్యముగా తన చెవినే.

అట్లయిన నష్టమేమి? ఎవరు మరిగిన నేమి, పాట మధురమైన చాలదా యని అడుగవచ్చును. నష్టములు రెండు కలవు. ఒకటి ధనమునకు సంబంధించినది. నచ్చని వస్తువును తిరిగి ఇచ్చుటకు అంగడివారు కొద్దిదినముల గడువే ఇత్తురు. "రెండువందల గంటలు ఓపికపట్టుడు" అన్న మాట నమ్మినవాడు ఆ గడువును పోగొట్టుకొనును. కావున మొదట నచ్చకున్నచో ఒక ఉపాయము చేయవచ్చును. బాగుగా ఎరిగిన పాటలు రెండుమూడు ఎంచుకొని, గడువు దినములలో ప్రతిదినము కొంతసేపు, ఒకే స్థాయిలో వినవలెను. మిత్రుని యొద్ద అదే రకపు పాత హెడ్‌ఫోను దొరికినచో ప్రక్కప్రక్కన పెట్టి పోల్చవలెను. పాతదియు అట్లే బిరుసుగా తోచినచో లోపము క్రొత్తదనమునందు లేదని తెలియును. అప్పుడు దానిని తిరిగి ఇచ్చుటయే మేలు.

రెండవ నష్టము ధనముతో తీరునది కాదు. మరగుట యనగా సగము మరచుటయే. ఆనకట్ట హోరు వినబడుట మానినట్లే, హెడ్‌ఫోనులోని అధికస్థాయి కూడ కొన్నాళ్ళకు అధికముగా తోచుట మానును. నిన్న చాలినది నేడు చాలదు. బొటనవ్రేలు స్థాయిని పెంచును. చెవి దానికిని మరగును. లోపలిచెవిలో ధ్వనిని గ్రహించు సూక్ష్మరోమ కణములు పుట్టుకతో ఒక్కొక్క చెవికి సుమారు 15,000 ఉండును. అవి నశించినచో మరల మొలవవు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము కలసి ప్రకటించిన ప్రమాణమును బట్టి, పెద్దలకు వారమునకు 40 గంటలపాటు 80 డెసిబెల్ల స్థాయి మేరగా చెప్పబడినది. స్థాయి మూడు డెసిబెల్లు పెరిగినకొలది ఆ కాలము సగమునకు తగ్గును. హెడ్‌ఫోనులో మెత్తలు అరిగిన క్రొత్తవి వచ్చును. తీగ తెగిన మార్చవచ్చును. చెవికి మాత్రము మారుభాగములు అమ్ము అంగడి లేదు.

అయినను మరిగిన చెవి మొద్దుబారిన చెవి యని భావింపరాదు. 1953లో కోలిన్ చెర్రీ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు హెడ్‌ఫోనులతోనే ఒక పరీక్ష చేసెను. వినువారి కుడిచెవిలో ఒక మాట, ఎడమచెవిలో వేరొక మాట పలికించి, ఒకదానిని మాత్రమే వెంటవెంటనే తిరిగి చెప్పుడనెను. వారు చెప్పగలిగిరి, రెండవ చెవిలో ఏమి నడచినదో ఇంచుమించు తెలియదనిరి. కాని 1959లో నెవిల్ మోరే చేసిన పరీక్షలో, లక్ష్యపెట్టని చెవిలో తమ పేరే పలికినప్పుడు కొందరు దానిని పట్టుకొనిరి. అనగా మనము విననిదానిని కూడ మన మనస్సు కాపలా కాయుచునే యున్నది.

ఈ నిజము ధవళేశ్వరమువారికి ప్రయోగశాల చెప్పనక్కరలేదు. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ఆరంభించి 1852 నాటికి నిలిపిన పాత ఆనకట్ట స్థానమున 1982 నాటికి బ్యారేజీ వెలసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము పాయలమీద 175 తలుపులు నిలిచినవి. శ్రావణభాద్రపదములలో నీరు పెరిగినప్పుడు ఇచ్చటి మట్టము 11.75 అడుగులు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 1986 ఆగష్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహము వచ్చి గట్లు తెగినప్పుడు, లంకలవారికిని కోనసీమవారికిని ఆ అంకె ప్రాణముతో సమానమైనది. ఇంట రేడియో తనపాటికి తాను పలుకుచుండగా ఎవరి పనిలో వారుందురు. "ధవళేశ్వరము వద్ద" అను మాట వినవచ్చిన క్షణమున పొయ్యివద్ద గరిటె ఆగును, వీధిలో నడక ఆగును. అట్లే గట్టుమీది ఇంట నిత్యము వినబడని హోరు, ఒకనాటి అర్ధరాత్రి తన శ్రుతి మార్చినచో, మొదట మేల్కొనువారు దానిని ఏండ్ల తరబడి విననివారే.

కావున క్రొత్త హెడ్‌ఫోను కొన్నవారికి మనము చెప్పదగిన మాట ఇది. యంత్రమును పెట్టెలో నుంచి రాత్రంతయు మ్రోగించుట అనవసరము. మీరే తలకెత్తుకొని, తక్కువ స్థాయిలో, తెలిసిన పాటతో మొదలిడుడు. గంటకొకసారి తీసి, ఇంటిలోని మాటలను, వీధిలోని చప్పుడులను కొంతసేపు వినుడు. వారము గడచినకొలది మీకు క్రొత్త గమకములు, ఇదివరలో పట్టుబడని తంబుర జీవము వినబడినచో సంతోషింపుడు. ఆ సంపాదన యంత్రముది కాదు, మీది. ఆ యంత్రము పాడైన నాడు కూడ అది మీతో నుండును. స్థాయి మాత్రము నిన్నటికంటె నేడు హెచ్చినదా యని దినదినము చూచుకొనుడు. ఎందుకనగా, ఆ హెచ్చును చెవి తనంతట తాను చెప్పదు.